అత్తయ్య కోసం కింది గది: చెమ్మ గోడ, పడమటి ఎండ, లక్షన్నర బడ్జెట్. ఎక్కడ మొదలుపెట్టాలి?

గోదావరిగట్టు (రాజమహేంద్రవరం)

అందరికీ నమస్కారం. మాది దానవాయిపేట వైపు. మావయ్యగారు 1989లో కట్టించిన ఇల్లు. వంటిల్లు, హాలు కింద, పడకగదులు పైన. అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు, ఇక మెట్లు ఎక్కడం కష్టమైపోతోంది. కింది గదిలోకి మారిపోతానని తనే అన్నారు.

ఆ గది ఇన్నేళ్ళూ సామాన్ల గది. పొడవు 12, వెడల్పు 10, ఎత్తు 10 అడుగులు. పడమర ఒక కిటికీ, ఉత్తరాన వీధి గేటు వైపు ఇంకో కిటికీ. దక్షిణం గోడ అవతల బాత్రూమ్. తూర్పు గోడలో ఒక గూడు ఉంది, దేవుడి గది కట్టకముందు అక్కడే దీపం పెట్టేవారట. కింద మొజాయిక్. దక్షిణం, పడమర గోడలకి చెమ్మ, రంగు పెచ్చులు పెచ్చులుగా ఊడుతోంది.

మావారి ప్లాన్: చెమ్మ ఉన్నచోట పీవీసీ ప్యానెల్స్, పైన ఫాల్స్ సీలింగ్, కింద నిగనిగలాడే టైల్స్, ఒక గోడంతా వార్డ్‌రోబ్. నాకు మంచం వెనక గోడకి వాల్‌పేపర్ వేయాలని ఉంది. బడ్జెట్ లక్షన్నర, ఉగాదిలోపు అయిపోవాలి. 2027లో పుష్కరాలు, అప్పుడు చుట్టాలంతా దిగేది ఎలాగూ కిందే, కాబట్టి గది చూడ్డానికీ బాగుండాలి. సంక్రాంతి హడావుడి అయిపోయింది, ఇక పని మొదలుపెట్టాలి. ముందు ఎవరిని పిలవాలి? పెయింటర్‌నా, కార్పెంటర్‌నా?

చిన్నకోడలు

ఫాల్స్ సీలింగ్‌లో కోవ్ లైట్ (అంచుల్లో దాచిపెట్టే లైటు) పెట్టించండి, గది లుక్కే మారిపోతుంది. మా ఇంట్లో చూసినవాళ్ళంతా హోటల్లా ఉందంటారు.

పాతఇటుక (రిటైర్డ్ సివిల్ ఇంజనీరు, కాకినాడ)

అమ్మా, ఇద్దరినీ ఇప్పుడే పిలవకండి. ముందు ప్లంబర్, తర్వాత తాపీమేస్త్రి. రంగు సంగతి చివర్న చూసుకోవచ్చు.

నాకు కొన్ని వివరాలు కావాలి. చెమ్మ నేల నుంచి ఎంత ఎత్తు వరకు ఉంది? రెండు గోడలకీ ఒకేలా ఉందా? ఎండాకాలంలో ఆరిపోతుందా, ఏడాది పొడుగునా ఉంటుందా? చేత్తో రాస్తే తెల్లటి పొడి వస్తోందా? గోడని వేలి కణుపుతో తట్టి చూడండి, ఎక్కడెక్కడ డొల్ల శబ్దం వస్తుందో అక్కడ సుద్దముక్కతో గీత పెట్టుకోండి.

ఈలోగా ఒక పని చేయండి. అడుగు వెడల్పున్న పాలిథిన్ ముక్క తీసుకుని చెమ్మ ఉన్నచోట నాలుగు వైపులా గాలి దూరకుండా టేప్‌తో అంటించి, ఒకటి రెండు రోజులు వదిలేయండి. నీటి బొట్లు ముక్క లోపలి వైపు, అంటే గోడ వైపు పడితే నీరు గోడలోంచి వస్తున్నట్టు. బయటి వైపు పడితే అది గదిలో గాలి తేమ, గది మూసి ఉంచడం వల్ల వచ్చింది. రెండోదైతే కిటికీలు తెరిస్తే సగం రోగం పోతుంది.

విశాఖ_ఉప్పుగాలి

ప్యానెల్స్ మాత్రం వద్దండీ, దయచేసి. మా అపార్ట్‌మెంట్లో పక్క ఫ్లాట్ వాళ్ళు సరిగ్గా ఇదే పని చేశారు. చెమ్మ గోడ మీద చెక్క రీపర్లు కొట్టి, వాటి మీద పీవీసీ షీట్లు బిగించారు. మొదట్లో బ్రహ్మాండంగా ఉంది. తర్వాత గదిలో ముక్కిన వాసన. ఒక షీటు విప్పి చూస్తే వెనక గోడంతా నల్లటి బూజు, రీపర్లకి చెదలు. పీవీసీకి ఏమీ కాలేదు, చెక్కుచెదరలేదు, అందుకే లోపల జరిగేది ఎవరికీ కనబడలేదు.

గోదావరిగట్టు

పాతఇటుక గారూ, మీరు చెప్పినట్టే చూశాను.

దక్షిణం గోడకి మరక నాలుగడుగుల ఎత్తులో గుండ్రంగా ఉంది, అక్కణ్ణుంచి కిందికి జారినట్టుంది. ఎండాకాలంలో కూడా ఉంటుంది. పాలిథిన్ లోపలి వైపు బొట్లు పడ్డాయి.

పడమర గోడకి మాత్రం నేల నుంచి మోకాలెత్తు వరకు గోడ పొడుగునా ఉంది. తెల్లటి పొడి అక్కడే వస్తోంది, పంచదార పలుకుల్లా మెరుస్తోంది. ఎండాకాలం ఆరిపోతుంది, శ్రావణ భాద్రపదాల్లో మళ్ళీ మొదలు. తడితే దాదాపు అంతా డొల్లే.

పాతఇటుక

అమ్మా, మీ గదికి రెండు వేర్వేరు రోగాలున్నాయి. ఒకే మందు పనిచేయదు.

దక్షిణం గోడది పైపు లీకు. నాలుగడుగుల ఎత్తు అంటే అవతల బాత్రూమ్‌లో కుళాయి ఉండే ఎత్తు. 1989 ఇల్లు కాబట్టి గోడలో జీఐ పైపులే (జింకు పూత పూసిన ఇనుప పైపులు) ఉండి ఉంటాయి, లోపల తుప్పు పట్టి ఎక్కడో జాయింటు దగ్గర చుక్క చుక్క కారుతోంది. రాత్రి ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి ట్యాంకు మట్టం గుర్తుపెట్టుకుని పొద్దున చూడండి. తగ్గితే అనుమానం బలపడుతుంది. తగ్గలేదని నిశ్చింతగా ఉండకండి, చుక్కలు కారితే ట్యాంకులో తేడా తెలియదు. ఆ గోడలో ఉన్నంతవరకు పాత పైపు తీసేసి సీపీవీసీ (తుప్పు పట్టని ప్లాస్టిక్ పైపు) వేయించండి. గోడ మూసే ముందు ప్లంబర్ చేత ప్రెషర్ టెస్ట్ చేయించి, మీ కళ్ళతో చూసుకోండి.

పడమర గోడది నేల తేమ. ఇటుక నీటిని పైకి పీలుస్తుంది. దాన్ని ఆపడానికే బేస్‌మెంట్ మీద డీపీసీ అని ఒక పొర వేస్తాం. నా అనుమానం, ఆ గోడ బయట మీకు పూలమొక్కల మడి ఉండాలి. మడిలో మట్టి డీపీసీ ఎత్తు దాటితే, ఆ పొర ఉండీ లేనట్టే. ఆ తెల్ల పొడి మట్టిలోని, ఇటుకలోని లవణాలు. నీటితో పాటు పైకొచ్చి, నీరు ఆరిపోయాక అక్కడే గడ్డకడతాయి. అలా కట్టేటప్పుడే లప్పాన్నీ రంగునీ తోసేస్తాయి.

గోదావరిగట్టు

మడి ఉంది!! అత్తయ్య కనకాంబరాలు, మందారం. ఏటేటా మట్టి, ఎరువు వేస్తూనే ఉన్నాం. వీధి రోడ్డు కూడా వేసినప్పుడల్లా ఎత్తు పెరిగి, ఇప్పుడు గేటు దగ్గర నీళ్ళు మా లోపలికే వస్తాయి.

పాతఇటుక

అయితే సందేహం లేదు. గోడని ఆనుకుని అడుగున్నర వెడల్పున మట్టి తవ్వి, బేస్‌మెంట్ మీద ఉన్న ఆ డీపీసీ బెల్టుకి కనీసం అర అడుగు కిందికి దించండి. ఆ ఖాళీలో గోడ నుంచి బయటికి వాలుగా కాంక్రీటు వేయిస్తే వాన నీరు గోడ దగ్గర నిలవదు. మందారాన్ని పక్కకి మార్చవచ్చు, చచ్చిపోదు. ఉత్తరం వైపు ఎండ తక్కువ, అటు కాకుండా పడమరే ఇంకాస్త దూరంగా పెట్టండి.

లోపల ఏం చేయాలంటే, మరక ఎక్కడి వరకు ఉందో దానికి ఒక అడుగు పైదాకా ప్లాస్టరింగ్ మొత్తం కొట్టేయాలి. ఇటుకల మధ్య సందులు గీకి, వైరు బ్రష్‌తో ఉప్పు దులిపి, కొన్నాళ్ళు అలాగే ఆరనివ్వాలి. ఆ తర్వాత వాటర్‌ప్రూఫ్ కాంపౌండ్ కలిపిన సిమెంటు మాలుతో ప్లాస్టరింగ్. జిప్సమ్ ప్లాస్టర్ తొందరగా అయిపోతుందని మేస్త్రి చెప్పినా ఒప్పుకోవద్దు, తేమ తగిలితే మెత్తబడిపోతుంది. వారం రోజులు నీళ్ళు కొట్టాలి, ఆ పైన సుమారు నాలుగు వారాలు ఆరాలి. అప్పుడు లప్పం.

లెక్క వేసుకోండి. ఉగాదికి ప్లాస్టరింగ్ ఆరుతుంది. రంగులు ఆ తర్వాతే. శ్రీరామనవమికి కూడా కష్టమే అనుకుంటాను.

ముహూర్తం_మూర్తి

దక్షిణం గోడ కొట్టడం అంత మంచిది కాదు. పైగా నైరుతిలో బరువు లేకపోతే ఇంటి యజమానికి...

నిర్వాహకుడు

వాస్తు చర్చకి వేరే విభాగం ఉంది, అక్కడ తలలు పగలగొట్టుకుందాం. ఇక్కడ గది గురించి మాత్రమే. తర్వాతి రెండు వ్యాఖ్యలు అక్కడికి తరలించాను.

వైరుమాస్టారు (తణుకు)

ప్లాస్టరింగ్ కొట్టేస్తున్నారంటే మా పని కూడా అప్పుడే చేయించుకోవాలి. రంగులయ్యాక గోడకి గాడి కొట్టమంటే ఎవరికైనా ఏడుపొస్తుంది.

పెద్దావిడ గది కాబట్టి చెప్తున్నాను. మంచం దగ్గర చెయ్యి చాచితే అందేలా ఒక బోర్డు ఉండాలి. లైటుకి టూవే స్విచ్ వేయించండి, గుమ్మం దగ్గర వేసి మంచం మీద ఆపుకోవచ్చు. మంచం నుంచి బాత్రూమ్ దాకా దారి పొడుగునా నేలకి అడుగు ఎత్తులో చిన్న లైట్లు పెట్టండి. జీరో బల్బు గోడ పైన ఎక్కడో వెలిగితే కాళ్ళ కింద ఏముందో కనబడదు.

ఏసీ ఇప్పుడు కొనకపోయినా పాయింట్ వేసేయండి. బోర్డు నుంచి నేరుగా 4 స్క్వేర్ ఎంఎం వైరు, విడిగా ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే ఆగే స్విచ్). ఈ గదికి ఒక టన్ను చాలు. ఇంకో ముఖ్యమైన మాట. అప్పటి ఇళ్ళలో చాలాచోట్ల ఎర్త్ వైరు సరిగ్గా ఉండదు. అవతల బాత్రూమ్, ఇవతల చెమ్మ గోడ. 30 మిల్లీఆంప్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) పెట్టించకుండా ఆ గదిలో ఎవరినీ పడుకోబెట్టకండి.

లైట్ రంగు గురించి కూడా. 6500కె (కె అంటే కెల్విన్, అంకె తగ్గేకొద్దీ వెలుగు పసుపు) తెల్ల లైట్లే అందరూ కొంటారు, పడకగదికి అది కళ్ళలో గుచ్చుకుంటుంది. 3000కె పడుకునే ముందుకి, 4000కె చదువుకోవడానికి. రెండూ పెట్టి వేర్వేరు స్విచ్‌లు ఇవ్వండి. పెద్దవాళ్ళకి చదవడానికి మనకంటే ఎక్కువ వెలుతురు కావాలి, మంచం తలవైపు ఒక లైటు తప్పనిసరి.

చిన్నకోడలు

ఇవన్నీ సరే. అసలు ఆవిడకి ఏం కావాలో ఎవరైనా అడిగారా?

గోదావరిగట్టు

మొన్న మాటల మధ్యలో అడిగితే "మీ ఇష్టం అమ్మా" అన్నారు. రాత్రి మళ్ళీ కూర్చుని అడిగాను. ఇదిగో లిస్టు, ఆవిడ మాటల్లోనే రాస్తున్నాను.

"మంచం మీంచి గేటు కనబడాలి. పాలవాడు, పూలవాడు ఎవరొచ్చారో చూసుకోవాలి." "నా బీరువా తీయకండి, అందులో ఏది ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్తాను." "ఆ గూడు పూడ్చకండి, కొండపల్లి బొమ్మలు అక్కడ పెట్టుకుంటాను." "గోడలకి ఆ క్రీమ్ రంగు వద్దు, ఆసుపత్రిలో పడుకున్నట్టుంటుంది." "ఫ్యాను గాలి బాగా రావాలి." ఇక ఆ పీవీసీ షీట్ల సంగతి ఎత్తితే, "ఆ బస్సు లోపలి రేకుల్లాంటివా?" అన్నారు. మావారు తర్వాత మాట్లాడలేదు.

అంటే వార్డ్‌రోబ్ డబ్బు మిగిలినట్టేనా?

విశాఖ_ఉప్పుగాలి

మిగిలింది, దాచండి, ప్లాస్టరింగ్‌కి పనికొస్తుంది. అంత గోడ పొడుగునా వార్డ్‌రోబ్ చేయిస్తే బడ్జెట్‌లో పెద్ద ముక్క దానికే పోయేది. ఎప్పుడైనా చేయించినా చెమ్మ గోడకి ఆనించి మాత్రం వద్దు. ప్లైవుడ్ మీద ఐఎస్ 710 ముద్ర (నీటికి తట్టుకునే మెరైన్ రకం) చూసి తీసుకోండి. ఐఎస్ 303 ఎంఆర్ గ్రేడ్ మామూలు పొడి గదికి పర్వాలేదు గానీ, బాత్రూమ్ గోడ పక్కన నిలవదు.

బీరువాకి తుప్పు ఉంటే కార్లకి రంగువేసే షెడ్డుకి పంపి డ్యూకో (స్ప్రే పెయింట్) వేయించండి. కొత్తదానిలా వస్తుంది. కాళ్ళ కింద రబ్బరు బిళ్ళలు పెట్టండి, నేల కడిగిన తడి తగలదు.

పాతఇటుక

ఫాల్స్ సీలింగ్ గురించి నా మాట కూడా. మేడ మీద గదైతే ఎండకి స్లాబు కాలుతుంది, అప్పుడు సీలింగ్ వల్ల కొంత ఉపయోగం. మీ గది పైన ఇంకో అంతస్తు ఉంది. ఎండ తగలని స్లాబుకి గొడుగు ఎందుకు? పది అడుగుల ఎత్తులో అర అడుగు పైనే పోతుంది. ఆవిడ అడిగింది ఫ్యాను గాలి. 48 అంగుళాల మంచి ఫ్యాను, మంచానికి నడిమధ్యగా వేలాడేలా పెట్టండి. గది మధ్యలో కొక్కెం ఉందని అక్కడే తగిలిస్తే గాలి నడిచే దారికి కొడుతుంది. బీఎల్‌డీసీ ఫ్యానులకి (తక్కువ కరెంటు తీసుకునే మోటారు ఉన్నవి) రిమోటు వస్తుంది, లేవకుండా స్పీడు మార్చుకోవచ్చు. కరెంటు కూడా పాత ఫ్యానులో సగం కంటే తక్కువే.

చిన్నకోడలు

మా కోవ్ లైట్ మీద ఇంత పగ ఎందుకండీ అందరికీ :)

పాతఇటుక

మీ ఇంట్లో ఉంచుకోండమ్మా, దులిపేటప్పుడు గుర్తుచేసుకోండి.

న్యూజెర్సీ_బావ

ఒక హెచ్చరిక. తలుపు, కిటికీలకి పాత ఎనామెల్ పెయింట్ పొరలు ఉండి ఉంటాయి కదా? వాటిని పొడిగా గీకొద్దు. ఇండియాలో ఇళ్ళ పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 భాగాలు) దాటకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చింది 2017 నవంబర్ నుంచి. అంతకుముందు వేసిన ఎనామెల్‌లో, ముఖ్యంగా పసుపు, ఎరుపు, పచ్చ రంగుల్లో, సీసం చాలా ఉండే అవకాశం ఉంది. ఇక్కడ అమెరికాలో 1978కి ముందు కట్టిన ఇల్లు అమ్మాలన్నా అద్దెకివ్వాలన్నా సీసం గురించి తెలిసింది ముందే రాసివ్వాలి, మేం కొన్న ఇల్లు అలాంటిదే కాబట్టి ఇది నాకు బాగా వంటబట్టింది.

ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ గీకే రోజుల్లో ఆ వైపు రానివ్వకండి. నీళ్ళు చల్లి, తడి కాగితంతో రుద్దించండి. మిషన్ పెట్టి రుద్దితే దుమ్ము ఇల్లంతా చేరుతుంది. చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవండి, ఆ గుడ్డ పారేయండి.

గోదావరిగట్టు

అమ్మో. మా చిన్నవాడికి మూడేళ్ళు. తలుపుకి కింద ఉన్నది ఆకుపచ్చ ఎనామెలే. పెయింటర్ వచ్చి చూసి "మిషన్ పెట్టి గంటలో లేపేస్తానమ్మా" అన్నాడు. ఆపేస్తాను.

లప్పం_వారసుడు (మా నాన్న పెయింటింగ్ మేస్త్రి, నేను ఆ డబ్బుతో చదువుకున్నాను)

ఆపండి. టేకు తలుపైతే కెమికల్ స్ట్రిప్పర్ పూసి గరిటెతో తీయించండి, చేతులకి తొడుగులు, కిటికీలు బార్లా తెరిచి. కింద చెక్క బాగుంటే మళ్ళీ ఎనామెల్ ఎందుకు, పాలిష్ పెట్టించుకోండి. పాత పెయింట్ గట్టిగా పట్టుకుని ఉంటే అసలు గీకకుండా తడిగా పైపైన రుద్ది, దాని మీదే కొత్తది వేసేయడం అన్నిటికంటే క్షేమం.

ఇక గోడల లెక్క. నాలుగు గోడలు 440 చదరపు అడుగులు. ఒక తలుపు, రెండు కిటికీలు తీసేస్తే 385 దగ్గర ఉంటుంది. స్లాబు 120. ఎమల్షన్ (నీళ్ళు కలిపే పెయింట్) రెండు కోటింగులకి లీటరుకి 120 నుంచి 140 అడుగులు అనుకోండి, గోడలకి మూడు లీటర్ల చిల్లర. నాలుగు లీటర్ల డబ్బా ఒకటి సరిపోయి, మిగిలింది తర్వాత గీతలు పడితే దిద్దుకోవడానికి ఉంటుంది. స్లాబుకి తెల్లది ఒక లీటరు. మీ పెయింటర్ పది లీటర్ల డబ్బా రాసిచ్చి ఉంటే ఎందుకని అడగండి. లప్పం 40 కిలోల బస్తా ఒకటి, గోడలకైతే చాలు.

చదరపు అడుగు రేటు మాట్లాడేటప్పుడు తలుపులు, కిటికీలు కలిపి కొలుస్తాడా, తీసేసి కొలుస్తాడా ముందే తేల్చుకోండి. సగం గొడవలు అక్కడే. లప్పం ఎన్ని కోటింగులు, ప్రైమర్ అందులోనే ఉందా అన్నది కాగితం మీద రాయించుకోండి.

ఆ గూడు దగ్గర జాగ్రత్త. ఏళ్ళ తరబడి దీపం పెట్టిన చోటు కదా, నూనె, మసి సున్నంలోకి ఇంకి ఉంటాయి. దాని మీద నీళ్ళ పెయింట్ ఎన్ని కోటింగులు వేసినా పసుపు మరక పైకి తేలుతూనే ఉంటుంది. సబ్బు నీళ్ళతో కడిగి, ఆరాక, ముందు ఆయిల్ ప్రైమర్ వేసి ఆ తర్వాత రంగు. గోడల మీద అడుగున పాత సున్నం ఉంటే అదీ గీకాల్సిందే. సున్నం పొడి మీద ఎమల్షన్ నిలవదు, టేప్ అంటించి లాగితే పొరంతా వచ్చేస్తుంది.

గోదావరిగట్టు

లప్పం_వారసుడు గారూ, పది లీటర్లే రాశాడు! ఎలా కనిపెట్టారు?

లప్పం_వారసుడు

మా నాన్న కూడా మేస్త్రే కదండీ.

ఓరుగల్లు_చాప (హనుమకొండ)

రంగు విషయం ఎవరూ చెప్పలేదు. అమ్మగారికి క్రీమ్ వద్దంటే లేత పెసర రంగు చూడండి. పడమటి ఎండ పసుపుగా ఉంటది, ఆ వెలుగులో గులాబీ, నారింజ ఛాయలు మండినట్టు కనబడతయి, ఆకుపచ్చ, లేత నీలం చల్లగా కనబడతయి. షేడ్ కార్డు చూసి నిర్ణయించకండి. శాంపిల్ డబ్బా తెచ్చి, పడమటి గోడకి ఎదురుగా ఉన్న గోడ మీద రెండడుగుల ముక్క వేసి, పొద్దున, నాలుగింటికి, రాత్రి లైటులో చూడాలె. కార్డు మీద కన్నా గోడంతా పరచుకున్నాక ఏ రంగైనా ముదురుగానే అనిపిస్తది, ఒక మెట్టు లేతది తీసుకోండి.

ఫినిష్ మాత్రం మ్యాట్ వద్దు. పెద్దవాళ్ళు గోడ పట్టుకుని నడుస్తరు, చేతి మరకలు పడతయి. కొంచెం మెరుపున్నది తీసుకుంటే తడిగుడ్డతో తుడవొచ్చు.

కింద టైల్స్ మీద మీ అభిప్రాయం మార్చుకున్నారా లేదా?

పాతఇటుక

ఆ టైల్స్ సంగతి నేనే మర్చిపోయాను, మంచి ప్రశ్న. మొజాయిక్ మీద టైల్స్ వేస్తే నేల దాదాపు అంగుళం లేస్తుంది. హాలుకీ గదికీ మధ్య చిన్న మెట్టు వస్తుంది. పెద్ద మెట్టు చూసుకుని దిగుతారు, అంగుళం మెట్టు చూడకుండా తన్నుకుంటారు. పైగా తలుపు అడుగున కోయాలి. నిగనిగలాడే టైల్ మీద నాలుగు నీటి చుక్కలు పడితే ఏమవుతుందో మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళని అడగండి.

మొజాయిక్ పాలిషింగ్ మిషన్ పెట్టించండి. రాళ్ళు మార్చుకుంటూ నీళ్ళతో అరగదీస్తారు, కిందున్న రాతి పలుకులు మళ్ళీ తేలతాయి. నున్నగా అద్దంలా చేయొద్దని ముందే చెప్పండి. బురద గోడలకి చిమ్ముతుంది కాబట్టి ఇది రంగుల కంటే ముందు.

ఓరుగల్లు_చాప

మంచం పక్కన కాళ్ళు దించే చోటికి చాప కావాలంటే మా వరంగల్ దర్రీలు ఉన్నయి, 2018లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. పల్చగా, నూలుతో నేస్తరు, ఉతుక్కోవచ్చు. అయితే అడుగున జారకుండా రబ్బరు జాలీ వేయకపోతే నేనే వద్దంటాను. లేదంటే గోడకి వేలాడదీయండి, మీరనుకున్న వాల్‌పేపర్ బదులు మంచం వెనక అదే అందం.

గోదావరిగట్టు

వాల్‌పేపర్ ఆశ వదిలేసుకున్నాను లెండి, చెమ్మ గోడలున్న ఇంట్లో అదొకటా. దర్రీ గోడకి అన్న ఆలోచన మాత్రం చాలా నచ్చింది.

పడమటి ఎండకి ఏం చేయాలి? మధ్యాహ్నం మూడు దాటితే ఆ గది పొయ్యి. రాజమండ్రి ఎండలు తెలుసుగా.

విశాఖ_ఉప్పుగాలి

ఎండని అద్దం బయటే ఆపాలి. లోపల ఎంత మందపు కర్టెన్ వేసినా వేడి అప్పటికే గదిలోకి వచ్చేసినట్టే, కర్టెన్ వెలుగుని ఆపుతుంది అంతే. కిటికీ బయట సజ్జకి వెదురు తడిక చుట్టలా వేలాడదీయండి, పన్నెండు దాటాక దించి, సాయంత్రం చుట్టేయొచ్చు. వట్టివేళ్ళ తడికలు దొరికితే ఇంకా హాయి, నీళ్ళు చల్లితే గాలి చల్లగా వస్తుంది. మీ మందారాన్ని దూరంగా పెడుతున్నారుగా, అది పెరిగితే ఆ నీడ కూడా కిటికీకే.

మంచం ఎత్తు సంగతి చూశారా?

గోదావరిగట్టు

పాత టేకు మంచం, పరుపుతో కలిపి 25 అంగుళాలు. అత్తయ్యది పొట్టి మనిషి, కూర్చుంటే కాళ్ళు నేలకి ఆనడం లేదు.

వైరుమాస్టారు

మా అమ్మకి ఆపరేషన్ అయ్యాక ఫిజియో చెప్పింది చెప్తున్నా. అంచున కూర్చుంటే పాదాలు రెండూ నేలకి పూర్తిగా ఆనాలి, మోకాలు తుంటి కంటే పైకి లేవకూడదు. మామూలుగా పరుపుతో కలిపి 18 నుంచి 20 అంగుళాలు వస్తుంది. ఆవిడని కూర్చోబెట్టి మోకాలి వెనక నుంచి నేలకి టేప్ పెట్టి కొలవండి, అదే లెక్క.

గోదావరిగట్టు

కొలిచాను, 17న్నర. పరుపు మార్చి పల్చటిది వేసి, మంచం కోళ్ళు కొంచెం కోయించాలి. టేకు కోళ్ళు కోస్తానంటే మావారు నా మీద కేసు పెట్టేలా ఉన్నారు. అత్తయ్య "కోయించరా, మీ నాన్న ఏమీ అనుకోరు" అన్నారు. అయిపోయింది.

ఇప్పటికి తేలింది ఇది. ప్లంబర్ సోమవారం వస్తున్నాడు. బయట మట్టి తవ్వకం మొదలైంది, డీపీసీ బెల్టు నిజంగానే మట్టిలో జానెడు లోతున దొరికింది. ఉగాది గడువు వదిలేశాం. అప్పటిదాకా హాల్లో దివాన్ మీద అత్తయ్యకి ఏర్పాటు. ఫాల్స్ సీలింగ్, టైల్స్, వార్డ్‌రోబ్ మూడూ లేవు. వైరుమాస్టారు చెప్పినవన్నీ ఉన్నాయి.

చివరి ప్రశ్న, ఈ రెండు కిటికీలకి పెడన కలంకారీ కర్టెన్లు వేయాలని అత్తయ్య కోరిక. ఎన్ని మీటర్లు తేవాలి? కిటికీలు 4 అడుగులు వెడల్పు, 4 అడుగుల ఎత్తు.

పెడన_బ్లాకు

మా ఊరి పేరు వినబడితే ఆగలేను. అచ్చు కలంకారీ గుడ్డ పన్నా (వెడల్పు) సాధారణంగా 44, 45 అంగుళాలు ఉంటుంది. కర్టెన్ రాడ్డు కిటికీకి రెండు వైపులా అర అడుగు ఎక్కువ పెట్టండి, అంటే 5 అడుగులు. కుచ్చు నిండుగా రావాలంటే దానికి రెట్టింపు గుడ్డ, 10 అడుగులు. కిటికీకి మూడు పన్నాలు. పొడవు 7 అడుగులు దించితే, పైన మడత, కింద అంచు కలిపి పన్నాకి రెండున్నర మీటర్లు. కిటికీకి ఏడున్నర, రెండిటికీ పదిహేను మీటర్లు. ఇంకో మీటరు ఎక్కువ తీసుకోండి, ఉతికితే కుంచించుకుపోతుంది, డిజైను కలపడానికీ కావాలి. కుట్టించే ముందే ఒకసారి ఉప్పు నీళ్ళలో నానబెట్టి, ఉతికి, నీడలో ఆరేయండి.

సహజ రంగులు నేరుగా ఎండ తగిలితే వెలిసిపోతాయి. పడమటి కిటికీకి వెనక తెల్ల నూలు లైనింగ్ తప్పనిసరి. ఉత్తరం కిటికీకి లైనింగ్ వద్దు, గేటు చూసుకోవాలన్నారుగా. దానికి కింది సగానికే కర్టెన్ వేసి పైసగం వదిలేస్తే?

గోదావరిగట్టు

మంచం మీంచి చూస్తే గేటు కింది సగంలోనే కనబడుతుందండీ. పగలు మొత్తం పక్కకి జరిపేస్తాం. పదహారు మీటర్లు రాసుకున్నాను. అదే డిజైను రెండు కిటికీలకీ సరిపడా ఒకే థానులో దొరుకుతుందా, ముందే చెప్పి వేయించుకోవాలా?

పెడన_బ్లాకు

చెప్పి వేయించుకోండి. వేర్వేరు థానుల్లో ఎరుపు ఒక్కలా రాదు. మీ ప్లాస్టరింగ్ ఆరేలోపు గుడ్డ తయారవుతుంది.